విదేశాలకు అప్పు, మనవాళ్లకు ఆర్డర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మన ప్రభుత్వం ఎగ్జిమ్ బ్యాంకు (ఎగుమతి, దిగుమతి బ్యాంకు) ద్వారా ఇతర దేశాలకు ఇచ్చే ‘లైన్ ఆఫ్ క్రెడిట్’ల మీద, అంటే ఎక్కువగా మన సరుకూ సేవలూ కొనాలన్న షరతుతో ఇచ్చే అప్పుల మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్ర: మా ఊరి కల్వర్టు కూలి రెండేళ్లయింది. ఎప్పుడడిగినా నిధుల్లేవంటారు. మరి ఆఫ్రికాలో రైలు మార్గాలకూ నీటి పథకాలకూ వేల కోట్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? – ఒక రైతు, నల్గొండ జిల్లా

జ: మీ కోపంలో న్యాయముంది. కాకపోతే మీ కల్వర్టుకు రావాల్సిన డబ్బూ, ఈ డబ్బూ ఒకే జేబులోవి కావు. కల్వర్టు పంచాయతీరాజ్ నిధుల్లోంచి కట్టాలి. విదేశాలకిచ్చే ఈ అప్పును ఎగ్జిమ్ బ్యాంకు మార్కెట్లో బాండ్లు అమ్మి తెస్తుంది. 1982లో మొదలైన ఈ బ్యాంకు పూర్తిగా కేంద్ర ప్రభుత్వానిదే. ముంబయిలో ఉంటుంది.

డబ్బు ఏ దారిన పోతుందో ఘనా ఉదాహరణతో చూద్దాం. తేమా రేవు నుంచి ఎంపకదాన్ వరకు సుమారు 97 కిలోమీటర్ల రైలు మార్గానికి మన దేశం దాదాపు 39.8 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. పని ఆఫ్కాన్స్ అనే భారతీయ కంపెనీకి దక్కింది. అప్పు ఘనాదే అయినా ఆ డాలర్లు ఘనా ఖజానాకు వెళ్లవు. కంపెనీ సరుకు పంపి, పని చేసి, బిల్లు పెడుతుంది. ఘనా అధికారులు దాన్ని ధ్రువీకరిస్తారు. ఎగ్జిమ్ బ్యాంకు ఇక్కడే, కంపెనీ బ్యాంకు ఖాతాకు, ఆ మొత్తం చెల్లిస్తుంది. అంతే మొత్తం ఘనా పేరున అప్పుగా రాసుకుంటుంది. దేశం దాటేది ఎక్కువగా సరుకూ, మనుషులూ.

ఖజానా మీద భారం పడేది రెండు చోట్ల. ఒకటి వడ్డీ తేడా. 2015 డిసెంబరు మార్గదర్శకాల ప్రకారం పేద దేశాల మొదటి వర్గానికి 1.5 శాతం వడ్డీ, 25 ఏళ్ల గడువు. దాని తర్వాతి వర్గానికి 1.75 శాతం, 20 ఏళ్లు. రెండింటిలోనూ మొదటి 5 ఏళ్లు అసలు కట్టనక్కర్లేదు. బ్యాంకు 5 శాతానికి అప్పు తెచ్చి 1.75కి ఇచ్చిందనుకోండి. మిగతా 3.25 శాతం కేంద్రం భరిస్తుంది. 10 కోట్ల డాలర్ల అప్పు మీద ఇది ఏడాదికి 32.5 లక్షల డాలర్లు. రెండోది హామీ. ఆ దేశం కట్టకపోతే బ్యాంకుకు కేంద్రం కడుతుంది. కాబట్టి ఇది ఊరికే ఇచ్చే డబ్బు కాదు, అలాగని మనకు ఖర్చే లేనిదీ కాదు. ఎవరైనా ఒక వైపే చెబితే రెండో వైపు అడగండి.

ప్ర: బాలానగర్‌లో మాది చిన్న యూనిట్. వాల్వులు, కంట్రోల్ ప్యానెళ్లు చేస్తాం. ఇలాంటి ప్రాజెక్టులకు సరుకు అమ్మాలంటే ఎగ్జిమ్ బ్యాంకులో దరఖాస్తు పెట్టుకోవాలా? – ఒక తయారీదారు, హైదరాబాద్

జ: అక్కర్లేదు. ఎగ్జిమ్ బ్యాంకు అర్హత చూసేది మొత్తం కాంట్రాక్టు తీసుకునే పెద్ద కంపెనీలకు. మీరు వెళ్లాల్సింది వాళ్ల దగ్గరికి.

వరస ఇలా ఉంటుంది. ఆ దేశం ప్రాజెక్టు నివేదికతో మన రాయబార కార్యాలయానికి ప్రతిపాదన ఇస్తుంది. అది విదేశాంగ శాఖలోని అభివృద్ధి భాగస్వామ్య విభాగానికి, అక్కడి నుంచి ఆర్థిక శాఖకు వెళ్తుంది. ఆమోదం వచ్చాక ఎగ్జిమ్ బ్యాంకుకూ ఆ దేశానికీ ఒప్పందం. అది అమల్లోకి వచ్చాక రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ఇస్తుంది. ఎంత మొత్తం, ఏ పనికి, ఏ తేదీ నుంచి అన్నీ అందులో ఉంటాయి. మీరు చదవాల్సిన మొదటి కాగితం అదే. సర్క్యులర్ వచ్చిన రోజుకు టెండరు ఇంకా పూర్తి కాకపోవచ్చు. ఏ కంపెనీలు పోటీలో ఉన్నాయో తెలుసుకుని, అప్పుడే వాళ్ల ప్రొక్యూర్‌మెంట్ (కొనుగోళ్ల) విభాగంలో మీ పేరు నమోదు చేయించుకోండి. ఆర్డరు వచ్చాక వెళ్తే వెండర్ల (సరుకు ఇచ్చేవాళ్ల) జాబితా అప్పటికే ముగిసిపోయి ఉంటుంది. ఆ జాబితాను అవతలి దేశపు కన్సల్టెంటు ఆమోదిస్తాడు కాబట్టి తర్వాత పేరు చేర్చడం చాలా కష్టం.

జాబితాలోకి రావడానికి అడిగేవి మీకు తెలిసినవే: ఐఎస్‌ఓ 9001 నాణ్యతా సర్టిఫికెట్, టైప్ టెస్ట్ (నమూనాను ల్యాబ్‌లో పరీక్షించిన) నివేదికలు, గతంలో ఇచ్చిన సరుకుకు పనితీరు సర్టిఫికెట్లు, మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు. తేడా వచ్చేది తర్వాతే. ప్యానెల్ బోర్డు హైదరాబాద్ వేడికి సరిపోయేలా చేసి పంపితే సముద్రపు ఒడ్డున ఉప్పు గాలికి ఏడాదిలో తుప్పు పట్టిన సందర్భాలున్నాయి. డ్రాయింగు దశలోనే పెయింటు మందం, ఐపీ రేటింగు (దుమ్మూ నీరూ లోపలికి రాకుండా ఆపే స్థాయి), స్పేస్ హీటరు (బోర్డు లోపల తేమ పట్టకుండా ఉంచేది) గురించి రాతపూర్వకంగా అడిగి తేల్చుకోండి. ఎత్తైన ప్రాంతమైతే స్విచ్‌గేర్ (కరెంటు కలిపే, తెంచే పరికరాల) సామర్థ్యం తగ్గించి లెక్కించాలి. ఇది మరిచిపోతే సైట్‌లో తిరస్కరిస్తారు, వెనక్కి తెచ్చే ఖర్చు సరుకు విలువను మించిపోతుంది.

ప్యాకింగు దగ్గర చిన్న యూనిట్లు ఎక్కువగా దెబ్బ తింటాయి. చెక్క పెట్టెకు ఐఎస్‌పీఎం-15 (చెక్కతో పురుగులు దేశాలు దాటకుండా పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం) ముద్ర ఉండాలి. అంటే చెక్క లోపలి భాగం 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉండేలా బట్టీలో వేడి చేసి, గోధుమ కంకి గుర్తు, దేశం కోడు, శుద్ధి చేసిన సంస్థ నంబరు వేసిన చెక్క. పెట్టె మొత్తానికి ఆ చెక్క వాడి, లోపల సరుకు కదలకుండా పెట్టే దిమ్మెలకు మాత్రం షెడ్డులో పడి ఉన్న పాత ముక్కలు వాడేస్తారు. రేవులో తనిఖీ అధికారి చూసేది సరిగ్గా ఆ దిమ్మెలనే. పెట్టె బయట ముద్ర బాగున్నా, లోపల ఒక్క ముక్కకు లేకపోతే మొత్తం ఆపేస్తారు.

ఇక పన్ను. కంపెనీ మీ సరుకు కొని ఎగుమతి చేస్తుంటే 0.1 శాతం జీఎస్‌టీతో ఇవ్వచ్చు. దీనికి షరతులున్నాయి: మీ ఇన్‌వాయిస్ తేదీ నుంచి 90 రోజుల్లో సరుకు దేశం దాటాలి, షిప్పింగ్ బిల్లులో (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రంలో) మీ జీఎస్‌టీ నంబరూ ఇన్‌వాయిస్ నంబరూ ఉండాలి, సరుకు మీ ఫ్యాక్టరీ నుంచి నేరుగా రేవుకో, ఇన్‌లాండ్ డిపోకో, రిజిస్టరైన గిడ్డంగికో వెళ్లాలి. పెద్ద ప్రాజెక్టుల్లో సైట్ సిద్ధంగా లేదని సరుకును కంపెనీ యార్డులో నెలల తరబడి పెడతారు. 91వ రోజు వచ్చిందంటే మిగతా పన్ను, వడ్డీ మీ మెడకు చుట్టుకుంటాయి. కాబట్టి పర్చేజ్ ఆర్డరులోనే ఒక వాక్యం రాయించండి: 90 రోజులు దాటితే పన్ను తేడా, వడ్డీ కొనుగోలుదారు భరిస్తాడని. షిప్పింగ్ బిల్లు నకలు అడిగి తీసుకుని ఫైల్లో పెట్టండి. 0.1 శాతానికి అమ్మితే మీ ఇన్‌పుట్ క్రెడిట్ (ముడిసరుకు మీద మీరు ముందే కట్టిన పన్ను) పేరుకుపోతుంది. రిఫండ్ అడగవచ్చు గానీ అది వచ్చేదాకా ఆ డబ్బు ఇరుక్కుంటుంది. ధర చెప్పేటప్పుడే ఆ డబ్బు మీద పడే వడ్డీ లెక్క వేసుకోండి.

చెల్లింపు విషయంలో ఒక పొరపాటు అభిప్రాయం ఉంది, ‘ప్రభుత్వ అప్పు కదా, డబ్బు ఖాయం’ అని. ఎగ్జిమ్ బ్యాంకు చెల్లింపు పెద్ద కంపెనీకి ఖాయం, మీకు కాదు. మీ ఆర్డరులో ‘మాకు డబ్బు వచ్చాక మీకిస్తాం’ అన్న షరతు ఉందేమో వెతకండి. అవతలి దేశపు అధికారి సంతకం నాలుగు నెలలు ఆలస్యమైతే ఆ నాలుగు నెలలూ మీరే మోస్తారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న తయారీ యూనిట్లకు చట్టం 45 రోజుల గరిష్ఠ గడువు ఇచ్చింది. అది దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే ‘బ్యాంకు రేటు’కు మూడు రెట్లు, నెలవారీ చక్రవడ్డీ. ప్రతి ఇన్‌వాయిస్ మీద ఉద్యమ్ నంబరు అచ్చు వేయించండి. కోర్టు దాకా వెళ్లకపోయినా, అవతలి అకౌంట్స్ విభాగం ఆ నంబరు చూసి మీ బిల్లును పైకి తెస్తుంది.

ప్ర: కాంట్రాక్టు విలువలో 75 శాతం భారతీయ సరుకే ఉండాలంటారు. రోడ్డో, నీటి ట్యాంకో కడితే ఇసుక, కంకర ఇక్కడి నుంచి పంపుతారా? – ఎం.ఏ. ఎకనామిక్స్ విద్యార్థిని, విశాఖపట్నం

జ: పంపరు. అక్కడే ఉంది చిక్కు. 75 శాతం లెక్క ఒక్కో వస్తువుకు కాదు, మొత్తం కాంట్రాక్టుకు. సరుకుతోపాటు సేవలూ కలుస్తాయి.

ఊహాజనితంగా 10 కోట్ల డాలర్ల మంచినీటి కాంట్రాక్టు తీసుకోండి. డక్టైల్ ఐరన్ పైపులు, పంపులు, మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, వాల్వులు కలిపి 5.6 కోట్లు. డిజైను, మన ఇంజినీర్ల జీతభత్యాలు 1.2 కోట్లు. రెండూ కలిపి 6.8 కోట్లు, అంటే 68 శాతం. మిగతా 3.2 కోట్లు సిమెంటు, ఇసుక, డీజిలు, స్థానిక కూలీలు. 75 అందలేదు. సివిల్ పనులున్న ప్రాజెక్టులకు కేసును బట్టి 10 శాతం దాకా సడలింపు ఇవ్వచ్చని 2015 నిబంధనల్లో ఉంది. 65కి తగ్గిస్తే ఇది గట్టెక్కుతుంది.

ఈ షరతు ప్రాజెక్టుల ఎంపికనే మార్చేస్తుంది. విద్యుత్ లైన్లు, సబ్‌స్టేషన్లు, పైపులైన్లు, చక్కెర మిల్లులు, రైల్వే పనుల్లో యంత్రాలు, లోహం ఎక్కువ, 75 తేలిగ్గా వస్తుంది. మట్టి పని ఎక్కువున్న రోడ్డుకో చెరువుకో రాదు. ఆ దేశానికి ముందుగా కావాల్సింది రోడ్డే అయినా, అప్పు దొరికేది సబ్‌స్టేషనుకు కావచ్చు. మీరు ప్రాజెక్టు వర్క్ రాస్తుంటే దీని మీద రాయండి, సంఖ్యల పట్టికల కంటే పనికొస్తుంది.

మన దగ్గరి సంబంధం కూడా చూడండి. విక్టోరియా సరస్సు నీటిని టాంజానియాలోని తబోరా, ఇగుంగా, న్జెగా పట్టణాలకు తీసుకెళ్లే పథకానికి మన అప్పు 26.8 కోట్ల డాలర్లు. కాంట్రాక్టర్లలో హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ ఒకటి. డక్టైల్ ఐరన్ పైపుల ఫ్యాక్టరీ మనకు శ్రీకాళహస్తి దగ్గర రాచగున్నేరిలోనే ఉంది. ఈ రంగంలో తెలుగువాళ్లకు అనుభవం, సరుకు రెండూ ఉన్నాయి.

ప్ర: విదేశంలో మాకు ఆర్డరు ఇప్పించిన ఏజెంటుకు ఈ అప్పులోంచి కమీషన్ ఇవ్వచ్చా? – ఎగుమతిదారు, విజయవాడ

జ: ఇవ్వకూడదు. అప్పు సొమ్ములోంచి ఏజెన్సీ కమీషన్ చెల్లదని రిజర్వు బ్యాంకు సర్క్యులర్లో రాసే ఉంటుంది. తప్పదనుకుంటే మీ సొంత డబ్బులోంచో, మీ ఈఈఎఫ్‌సీ (ఎగుమతిదారు విదేశీ కరెన్సీ దాచుకునే) ఖాతాలోంచో పంపవచ్చు, అదీ ఎగుమతి సొమ్ము పూర్తిగా చేతికొచ్చాక, బ్యాంకు ద్వారానే. ఇన్‌వాయిస్ ధరలో కలిపేసి దాచడం మాత్రం చేయకండి. ఆడిట్‌లో బయటపడితే ఆ కాంట్రాక్టుతో ఆగదు.

ప్ర: మన సరుకే కొనాలని షరతు పెట్టి ఇచ్చేదాన్ని సాయమని ఎలా అంటారు? – రిటైర్డ్ లెక్చరర్, ఒంగోలు

జ: మీ ప్రశ్న చాలా దేశాల పార్లమెంట్లలో అడిగిందే. షరతుతో కూడిన సాయంలో అదే వస్తువుకు 15 నుంచి 30 శాతం ఎక్కువ ధర పడుతుందని ధనిక దేశాల కూటమి ఓఈసీడీ చాలాకాలంగా చెబుతున్న అంచనా. కారణం తేలికే: పోటీ ఒక్క దేశపు కంపెనీల మధ్యే జరుగుతుంది. ఇద్దరు ముగ్గురే టెండరు వేస్తే ధర దిగదు.

ఇది ఎంత దూరం పోగలదో మలేసియాలోని పెర్గావు డ్యాం చూపించింది. బ్రిటన్ ఆ డ్యాంకు 23.4 కోట్ల పౌండ్ల సాయం ఇచ్చింది. అంతకు ముందు 1988లో మలేసియాతో ఆయుధాల అమ్మకాన్ని సాయంతో ముడిపెట్టిన ఒప్పందపత్రం ఒకటి రాసుకుంది. గ్యాస్ టర్బైన్లతో కరెంటు ఇంతకంటే చవగ్గా వస్తుంది, ఇది డబ్బు తగలేయడమేనని సాయం శాఖ ఉన్నతాధికారి టిమ్ లాంకెస్టర్ రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పారు. అయినా 1991లో విదేశాంగ మంత్రి డగ్లస్ హర్డ్ ఆమోదించారు. వరల్డ్ డెవలప్‌మెంట్ మూవ్‌మెంట్ అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. 1994 నవంబరులో లండన్ హైకోర్టు ఆ సాయం చట్టవిరుద్ధమని తేల్చింది. ఆ తర్వాత 2001 నుంచి బ్రిటన్ తన సాయానికి ‘మా సరుకే కొనాలి’ అన్న ముడి తీసేసింది. ఒక అధికారి ఫైల్లో రాసిన అభ్యంతరం ఎంత పని చేస్తుందో గమనించండి. మన దగ్గర కూడా అలాంటి నోట్లు రాసే ధైర్యం, వాటిని చదివే అలవాటు ఉండాలి.

మనం పుచ్చుకునే వైపు కూడా ఉన్నాం. ముంబయి–అహ్మదాబాద్ బుల్లెట్ రైలుకు జపాన్ ఇస్తున్న అప్పు 0.1 శాతం వడ్డీకి, 50 ఏళ్ల గడువుకు, 15 ఏళ్ల మారటోరియంతో (అసలు కట్టనక్కర్లేని కాలం) కుదిరింది. రైలు పరిజ్ఞానం మాత్రం జపాన్‌దే ఉండాలని అప్పట్లో అనుకున్నారు. ‘స్టెప్’ అనే జపాన్ పథకంలో సాధారణ షరతు కనీసం 30 శాతం వాళ్ల సరుకు. మన 75తో పోల్చి చూడండి. మన షరతు బిగువుగా ఉందన్న మాట నిజం. వడ్డీ తక్కువ అన్న ఒక్క మాటతో దాన్ని సమర్థించలేం. ధరలో 20 శాతం పెరిగితే వడ్డీలో ఇచ్చిన రాయితీ చాలావరకు అక్కడే కరిగిపోతుంది. అందుకే ఈ అప్పుల్లో అసలు కాపలా కాయాల్సింది టెండరు దగ్గర. కనీసం నాలుగైదు అర్హమైన కంపెనీలు పోటీపడేలా ప్యాకేజీలు విడగొట్టాలి.

ప్ర: జాంబియా, శ్రీలంక, ఘనా దివాలా తీశాయి కదా. మనం ఇచ్చినది పోయినట్టేనా? – బ్యాంకు ఉద్యోగి, వరంగల్

జ: జాంబియా 2020 నవంబరులో, శ్రీలంక 2022 ఏప్రిల్లో, ఘనా 2022 డిసెంబరులో విదేశీ అప్పుల చెల్లింపులు ఆపేశాయి. పోయినట్టు కాదు, వెనక్కి జరిగినట్టు. అప్పులిచ్చిన దేశాలు ఒక కమిటీగా కూర్చుని గడువు పెంచుతాయి, వడ్డీ తగ్గిస్తాయి. శ్రీలంక విషయంలో ఆ కమిటీకి భారత్, జపాన్, ఫ్రాన్స్ కలిసి నాయకత్వం వహించాయి. 2024 జూన్‌లో ఒప్పందం కుదిరింది. సరుకు పంపిన మన కంపెనీలకు డబ్బు ఎప్పుడో అందింది, వాళ్లకు నష్టం లేదు. ఆగినది ఎగ్జిమ్ బ్యాంకుకు రావాల్సిన వాయిదాలు. వాటి వెనుక కేంద్రం హామీ ఉంది. కాబట్టి చివరికి లెక్క తేలేది బడ్జెట్లోనే.

ప్ర: మంగోలియా రిఫైనరీ 2015లో ప్రకటించారు. ఇంకా ఎందుకు పూర్తి కాలేదు? – ఒక పాఠకుడు, సంగారెడ్డి

జ: సైన్‌షాండ్ దగ్గర, గోబీ ఎడారిలో, ఏడాదికి 15 లక్షల టన్నుల సామర్థ్యం ఉన్న రిఫైనరీ అది. మొదట 100 కోట్ల డాలర్ల అప్పు, తర్వాత పెంచారు. ఇక్కడ కూడా మేఘా ఇంజినీరింగ్‌కు ప్యాకేజీలున్నాయి. పర్యవేక్షణ ఇంజినీర్స్ ఇండియా లిమిటెడ్‌ది.

ఆలస్యానికి మొదటి కారణం భూగోళం. మంగోలియాకు సముద్రం లేదు. బరువైన యంత్రం ఏదైనా చైనా, లేదంటే రష్యా భూమి దాటి రావాలి. కొవిడ్ కాలంలో ఆ సరిహద్దులు మూతపడ్డాయి. రెండోది చలి. శీతకాలంలో మైనస్ 30 దాకా పడిపోయే చోట కాంక్రీటు వేసే కాలం ఏడాదిలో సగమే. పునాది పని అక్టోబరుకు పూర్తి కాకపోతే ఒక నెల కాదు, ఏప్రిల్ దాకా పోతుంది. మూడోది, ఇలాంటి ప్రాజెక్టులన్నిటికీ వర్తించేది: అప్పు మొత్తాన్ని వివరమైన డిజైను తయారు కాకముందే ప్రకటించడం. పర్యటనలో నేతలు అంకె చెబుతారు, అసలు ఖర్చు రెండు మూడేళ్ల తర్వాత తేలుతుంది. అప్పుడు పని కుదించాలి, కాకపోతే మళ్లీ అప్పు అడగాలి.

ప్ర: మా తమ్ముడు ఐటీఐ వెల్డరు. ఘనాలో మన కంపెనీ ప్రాజెక్టుకు పంపుతామంటున్నారు. ఏమేం చూసుకోవాలి? – గృహిణి, జగిత్యాల

జ: ముందు, పంపేది కంపెనీయా, ఏజెంటా అని తేల్చుకోండి. ఏజెంటైతే విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో అతని రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. ఘనా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే వెళ్లే ముందు అనుమతి తప్పనిసరైన) దేశాల జాబితాలో లేదు కాబట్టి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. సూడాన్ లాంటి చోటైతే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉన్నవాళ్లకు కావాలి.

ఒప్పందంలో జీతం ఏ కరెన్సీలో, ఇక్కడి ఖాతాలో ఎంత పడుతుంది, ప్రాజెక్టు మధ్యలో ఆగితే తిరుగు టికెట్ ఎవరు కొంటారు అన్న మూడూ రాసి ఉండాలి. అవతలి దేశం చెల్లింపులు ఆపితే సైట్లు నెలల తరబడి మూతపడతాయి. మూడో అంశం అప్పుడే అక్కరకొస్తుంది. వెళ్లేది సందర్శక వీసా మీద కాదు, పని అనుమతి మీదేనని చూసుకోండి.

ఘనాకు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ తప్పనిసరి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. పాస్‌పోర్టు వెంట తీసుకెళ్లాలి. వేయించుకున్న 10 రోజుల తర్వాతే ఆ కార్డు చెల్లుతుంది. విమానం టికెట్ తేదీ ఖాయమైందని చెప్పిన రోజే వెళ్లి వేయించమనండి. ఆ పసుపు రంగు టీకా కార్డు తిరుగు ప్రయాణంలోనూ చేతిలో ఉండాలి. అది లేకుండా ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల నుంచి వస్తే మన విమానాశ్రయంలోనే ఆపి 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు.